గిటార్ ఆంప్ పలకడం లేదా? ముందు కరెంటు వచ్చే దారి చూడండి

సంచిలో పట్టేంత చిన్న గిటార్ ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెలు) హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు మామూలైపోయాయి. పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు కొట్టకుండా సాధన చేసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదకో నెక్లెస్ రోడ్డుకో తీసుకెళ్లొచ్చు. కరెంటు పోయినా వాయించుకోవచ్చు. వీటితో వచ్చే తంటా కూడా ఆ కరెంటు దగ్గరే వస్తుంది. ఒకరోజు ఉన్నట్టుండి శబ్దం రాదు, లేదా వస్తూ పోతూ ఉంటుంది, లేదా గట్టిగా మీటగానే గొంతు బొంగురుపోతుంది. శబ్దాన్ని పెంచే చిప్‌ను ఐసీ అంటారు. "ఐసీ పోయినట్టుంది" అని అందరూ వెంటనే తేల్చేస్తారు. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త ఐసీ తెచ్చి, పాతది పీకి కొత్తది అతికించి, అదీ పలకకపోతే తల పట్టుకుంటారు.

ఐసీ అంత తేలిగ్గా పోదు. బ్యాటరీ నుంచి ఐసీ కాలు దాకా వచ్చే దారిలో క్లిప్పు, స్ప్రింగు, అడాప్టర్ జాక్, స్విచ్చు, గిటార్ వైరు గుచ్చే జాక్ ఉంటాయి. ఇవన్నీ కదిలేవి, వంగేవి, చిలుము పట్టేవి. బోర్డు మీద కదలకుండా కూర్చున్న భాగాల కంటే ఇవే ముందు చెడతాయి. కాబట్టి వెతకడం కూడా ఇక్కడే మొదలుపెట్టాలి. ఆ వెతకడానికి వోల్టులూ కరెంటూ కొలిచే ఒక మామూలు మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్, కాస్త ఓపిక చాలు.

మీటర్‌లో 9 చూపించినా బ్యాటరీ బాగున్నట్టు కాదు

అందరూ ముందుగా చేసే పరీక్ష బ్యాటరీకి మీటర్ పెట్టి చూడటం. కొందరైతే 9 వోల్టుల బ్యాటరీని నాలుకకు ఆనించి చురుక్కుమంటే బాగుందంటారు. ఆ చురుక్కు వల్ల బ్యాటరీ పూర్తిగా చావలేదని మాత్రమే తెలుస్తుంది. మీటర్‌తోనూ అదే చిక్కు. మీటర్ బ్యాటరీ నుంచి దాదాపు ఏమీ లాగదు. అందుకే అయిపోవచ్చిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 8.5 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. ఆంప్ మీది ఎర్ర లైటు వెలుగుతోంది కదా అనే ధైర్యం కూడా పనికిరాదు. ఆ లైటుకు రెండు వోల్టులు, కొన్ని మిల్లీ ఆంపియర్లు దొరికితే చాలు.

ఆంప్‌కు కావలసింది ఎంతో లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఇలాంటి చిన్న ఆంప్‌లలో చాలావాటికి గుండెకాయ ఎల్‌ఎం386 అనే ఎనిమిది కాళ్ల ఐసీ. ఏమీ వాయించనప్పుడు అది తినేది సుమారు 4 మిల్లీ ఆంపియర్లు. అదే 8 ఓముల స్పీకర్‌లోకి అర వాట్ పంపాలంటే బ్యాటరీ నుంచి సగటున 110 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది. అల ఎత్తు మీద ఉన్న క్షణంలో అది 350 దాకా వెళ్తుంది. ఊరికే ఉన్నప్పటికీ గట్టిగా కార్డ్ (కొన్ని తీగలు కలిపి ఒకేసారి మీటడం) కొట్టినప్పటికీ మధ్య తేడా ఇంత ఉంటుంది. బ్యాటరీ లోపల ఉండే నిరోధం అసలు రంగు ఇక్కడే బయటపడుతుంది. కొత్త ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో అది ఒకటి రెండు ఓములు. మామూలు జింక్ కార్బన్ బ్యాటరీలో అంతకు ఎన్నో రెట్లు. ఇరవై ఓములే అనుకున్నా 350 మిల్లీ ఆంపియర్ల దగ్గర లోపలే 7 వోల్టులు తినేస్తుంది, ఆంప్‌కు మిగిలేది రెండు. నిజానికి అంత దూరం వెళ్లకముందే ఐసీ చేతులెత్తేస్తుంది, శబ్దం చితికిపోతుంది. పైఅంతస్తు ట్యాంకు నిండుగా ఉన్నా సన్న పైపు నుంచి షవర్‌కు నీళ్లు రానట్టే ఇదీ.

చిన్న దుకాణాల్లో అమ్మే 9 వోల్టుల బ్యాటరీల్లో జింక్ కార్బన్‌వే ఎక్కువ. పేరు ఏదైనా ఒంటి మీద 6ఎఫ్22 అని ఉంటే జింక్ కార్బన్, 6ఎల్‌ఆర్61 అని ఉంటే ఆల్కలైన్. "హెవీ డ్యూటీ" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నవి దాదాపు అన్నీ మొదటి రకమే. ఆ మాట చూసి ఎక్కువ బలమైనదనుకుని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. మల్టీమీటర్‌కు అది చక్కగా సరిపోతుంది. గిటార్ ఆంప్‌కు మాత్రం దండగ.

అసలైన పరీక్ష లోడ్ పెట్టి, అంటే బ్యాటరీ నుంచి కరెంటు లాగిస్తూ, చేయాలి. 100 ఓములు, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి తెచ్చుకుని, బ్యాటరీ ప్లస్ మైనస్‌ల మధ్య కొన్ని సెకన్లు తగిలించి అదే సమయంలో వోల్టేజీ చూడాలి. అప్పుడు సుమారు 90 మిల్లీ ఆంపియర్లు నడుస్తాయి. మంచి ఆల్కలైన్ బ్యాటరీ అర వోల్టు కూడా పడదు. చూస్తుండగానే 7కు, 6కు జారిపోతుంటే దాన్ని పక్కన పెట్టేయాలి. పావు వాట్ రెసిస్టర్‌తో ఇది చేస్తే వేలు కాలుతుంది, ఎందుకంటే అక్కడ దాదాపు 0.8 వాట్ల వేడి పుడుతుంది. రెసిస్టర్ లేకపోతే ఆంప్‌నే లోడ్‌గా వాడుకోవచ్చు. వెనక మూత తీసి, మీటర్ ముల్లులు బ్యాటరీ క్లిప్పుకు పెట్టి, వాల్యూమ్ పెంచి గట్టిగా ఒక కార్డ్ కొట్టించాలి. అంకె ఎంత కిందికి దూకుతుందో చూడాలి. ఇది ఇద్దరి పని.

ఇక్కడ ఇంకో చిన్న తిరకాసు ఉంది. పసుపు రంగు చవక మల్టీమీటర్ కూడా లోపల 9 వోల్టుల బ్యాటరీతోనే నడుస్తుంది. అది బలహీనపడితే ఈ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ వోల్టేజీ చూపిస్తాయి. బ్యాటరీ 10.4 వోల్టులు ఇస్తోందని మురిసిపోయే ముందు మీటర్ బ్యాటరీ మార్చడం మంచిది.

ఆరు పెన్సిల్ సెల్లతో నడిచే ఆంప్‌లు ఈ విషయంలో చాలా నయం. రోలాండ్ మైక్రో క్యూబ్, బాస్ కటానా మినీ ఈ కోవలోవే. ఆల్కలైన్ డబుల్ ఏ సెల్లు 2000 మిల్లీ ఆంపియర్ అవర్లకు పైగా ఇస్తాయి. 9 వోల్టుల చిన్న బ్యాటరీ ఇచ్చేది 500 దగ్గర. ఆంప్ ఆరు సెల్లు అడిగితే ఆరూ ఒకే రకం, ఒకే వయసువి అయి ఉండాలి. రిమోట్ నుంచి తీసిన రెండింటిని కొత్త నాలుగింటితో కలిపితే, బలహీనమైన సెల్లు ముందుగా ఖాళీ అయిపోతుంది. మిగతావి దాని గుండా కరెంటును బలవంతంగా నెడతాయి, చివరికి అది కారుతుంది. ఒక్కో సెల్లును విడిగా కొలిస్తే దొంగ దొరుకుతుంది. ఐదు 1.4 దగ్గర ఉండి ఒకటి 0.9 చూపిస్తే ఆ ఒక్కటే మొత్తాన్ని లాగేస్తోంది. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి, ఆరింటికి 7.2. అంకె తక్కువని భయపడనక్కర్లేదు. వాటి లోపలి నిరోధం తక్కువ కాబట్టి లోడ్ మీద నిలబడతాయి. ఆంప్ మీది లైటు మాత్రం తొందరగా "లో బ్యాటరీ" అని గోల చేయొచ్చు.

బ్యాటరీ అలసిపోయినప్పుడు ఒక్కో ఆంప్ ఒక్కోలా చెబుతుంది. పాత తరహా అనలాగ్ ఆంప్ అయితే మెల్లగా వాయిస్తే బాగుంటుంది, గట్టిగా వాయిస్తే చితుకుతుంది. డిజిటల్ ఎఫెక్టులు ఉన్న ఆంప్ అయితే కార్డ్ కొట్టగానే లైట్లన్నీ ఆరి మళ్లీ వెలుగుతాయి. వోల్టేజీ ఒక గీత కిందికి పడగానే లోపలి ప్రాసెసర్ రీసెట్ అయిపోవడమే దానికి కారణం. దాన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని ఫ్యాక్టరీ రీసెట్లు చేస్తూ కూర్చునేవాళ్లున్నారు.

మూడోది పడవ ఇంజిన్ లాంటి "టుక్ టుక్ టుక్" చప్పుడు. ఏమీ వాయించకపోయినా స్పీకర్ దానంతట అదే కొట్టుకుంటుంది. బ్యాటరీ నిరోధం పెరిగినప్పుడు స్పీకర్ లాగే ప్రతిసారీ సప్లయ్ వోల్టేజీ ఊగుతుంది. ఆ ఊగడం మొదటి దశలోకి సిగ్నల్‌లా దూరి, మళ్లీ స్పీకర్‌కు చేరి, చక్రంలా తిరుగుతుంది. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేయగానే ఆగితే జబ్బు తెలిసినట్టే. ఆగకపోతే సప్లయ్‌కు అడ్డంగా ఉండే 220 లేదా 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కరెంటును కాస్త నిల్వ ఉంచి ఆ ఊగడాన్ని తగ్గించే భాగం) ఎండిపోయిందేమో చూడాలి. ఎల్‌ఎం386 ఏడో కాలికీ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం కూడా ఇందుకే. చవక బోర్డుల్లో దాన్ని ఎగ్గొట్టేస్తారు.

దారిలో తెగే చోట్లు

బ్యాటరీ మంచిదని తేలాక ముల్లులు ముందుకు జరపాలి. నల్ల ముల్లును బ్యాటరీ మైనస్ మీద ఉంచేసి, ఎర్ర ముల్లును ప్లస్ దారిలో ఒక్కో చోట పెడుతూ వెళ్తే 9 వోల్టులు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ మాయమయ్యాయో తెలుస్తుంది. ఆంప్ ఆన్‌లో ఉండాలి, గిటార్ వైరు గుచ్చి ఉండాలి. ఈ రెండో షరతు ఎందుకో కింద వస్తుంది.

9 వోల్టుల బ్యాటరీ క్లిప్పులో గుండ్రటి గుబ్బ, పువ్వు లాంటి గుబ్బ ఉంటాయి. పదే పదే తీసి పెట్టడంతో పువ్వు రేకులు విచ్చుకుని వదులవుతాయి. చిన్న ముక్కు పట్టకారుతో రేకులు కాస్త లోపలికి నొక్కితే పట్టు తిరిగి వస్తుంది. క్లిప్పు నుంచి వచ్చే ఎర్ర, నల్ల వైర్లు సన్నగా ఉంటాయి. పైకి ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది కానీ క్లిప్పు దగ్గర మొదలయ్యే చోట లోపలి తీగ తెగి ఉంటుంది. వైరు కదిపితే శబ్దం వస్తూ పోతూ ఉంటే ఇక ఆలోచించకుండా క్లిప్పు మార్చేయడమే మేలు.

సెల్లు కూర్చునే పెట్టెలో స్ప్రింగుల సంగతి వేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తడిగాలిలో, బీరువాలో మూలన పెట్టిన ఆంప్‌లో సెల్లు వదిలేస్తే వానాకాలం అయ్యాక తెల్లటి పొక్కు కనిపిస్తుంది. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. గాలి తగిలి అది తెల్లగా పేరుకుంటుంది. దానికి విరుగుడు వెనిగర్ లేదా నిమ్మరసం. దూదిపుల్ల ముంచి రుద్దితే చిన్నగా పొంగి కరుగుతుంది. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. జింక్ కార్బన్ సెల్లు కారితే అది ఆమ్లం వైపు ఉంటుంది. దానికి తడి వంటసోడా. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, కంట్లో పడకుండా చూసుకోవాలి. శుభ్రం చేశాక స్ప్రింగు నల్లగా, పెళుసుగా ఉంటే దాని పూత పోయినట్టు. ఇసుక కాగితంతో రుద్ది మెరిపించినా కొన్ని వారాల్లో మళ్లీ మొరాయిస్తుంది.

ఈ మొత్తం వ్యవహారంలో అతి ఎక్కువగా తప్పుదోవ పట్టించేది అడాప్టర్ జాక్. "అడాప్టర్ మీద పలుకుతుంది, బ్యాటరీ మీద పలకదు" అనే ఫిర్యాదు వినగానే మొదట అనుమానించాల్సింది బ్యాటరీని, రెండోది ఈ జాక్‌ను. దానికి మూడు కాళ్లు ఉంటాయి. ఒకటి నడి పిన్నుకు, ఒకటి బయటి తొడుగుకు తగిలే స్ప్రింగు రేకుకు. మూడోది, అడాప్టర్ గుచ్చనప్పుడు ఆ రేకుకు ఆనుకుని ఉండే కాలు. బ్యాటరీ ప్లస్ ఈ మూడో కాలికి వస్తుంది. ప్లగ్గు గుచ్చగానే రేకు పక్కకు జరిగి బ్యాటరీని విడగొడుతుంది. తీస్తే మళ్లీ ఆనుకోవాలి. ఏళ్ల తరబడి అడాప్టర్ మీదే వాడిన ఆంప్‌లో ఆ రేకు వంగిపోయి ఉంటుంది, లేదా ఆనే చోట నల్లగా మసకేసి ఉంటుంది. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఒకటే.

దీన్ని తేల్చడం తేలిక. బ్యాటరీ తీసేసి, మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, రేకు కాలికీ మూడో కాలికీ ముల్లులు ఆనించాలి. ప్లగ్గు లేనప్పుడు బీప్ రావాలి, ప్లగ్గు గుచ్చగానే ఆగాలి. ప్లగ్గు లేకుండానే బీప్ రాకపోతే దొంగ దొరికాడు. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి ప్లగ్గును పది పదిహేనుసార్లు గుచ్చి తీస్తే కొన్ని బాగుపడతాయి. లేదంటే జాక్ మార్చాలి. గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు పాత జాక్ చేతిలో ఉంటే మంచిది. 2.1 మిల్లీమీటర్ల పిన్ను జాక్, 2.5 మిల్లీమీటర్ల పిన్ను జాక్ చూడటానికి ఒకేలా ఉంటాయి. 2.1 జాక్‌లో 2.5 ప్లగ్గు దూరుతుంది కానీ వదులుగా ఆడుతుంది. దాంతో కొత్త లూజ్ కాంటాక్ట్‌ను సొంతంగా కొని తెచ్చుకున్నట్టవుతుంది.

ఇక గిటార్ వైరు గుచ్చే జాక్. కొన్ని ఆంప్‌లలో, దాదాపు అన్ని పెడల్స్‌లో (గిటార్ శబ్దం తీరు మార్చే, కాలితో నొక్కే పెట్టెలు), అదే ఆన్ ఆఫ్ స్విచ్చు కూడా. అందులో ఉండేది స్టీరియో జాక్, అంటే టిప్, రింగ్, గ్రౌండ్ అని మూడు కాళ్లున్నది. బ్యాటరీ మైనస్‌ను దాని రింగ్ కాలికి కలుపుతారు. మోనో ప్లగ్గు గుచ్చినప్పుడు దాని పొడుగాటి తొడుగు రింగ్‌నూ గ్రౌండ్‌నూ ఒకటి చేస్తుంది, సర్క్యూట్ మొదలవుతుంది. వైరు లేకుండా ఆంప్ గ్రౌండ్ నుంచి వోల్టేజీ కొలిస్తే ఏమీ రాకపోవడానికి కారణం ఇదే. వాయించడం అయ్యాక వైరు గుచ్చి వదిలేస్తే బ్యాటరీ తెల్లారేసరికి నీరసించిపోతుంది, నేరం "దొంగ బ్యాటరీ" మీదకు పోతుంది. ఈ జాక్‌లో రింగ్ రేకు వంగినా, ఎవరో స్టీరియో ప్లగ్గు ఉన్న వైరు గుచ్చినా ఆంప్ అసలు ఆన్ కాదు. వైరు మార్చి చూడటం ఖర్చు లేని పరీక్ష.

బ్యాటరీ ఊరికే అయిపోతోందని అనుమానం ఉంటే కరెంటు కొలవాలి. విడి స్విచ్చు ఉన్న ఆంప్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. స్విచ్చు ఆఫ్‌లో ఉంచి, మీటర్‌ను మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి, స్విచ్చు రెండు కాళ్లకూ ముల్లులు ఆనించాలి. మీటరే స్విచ్చుగా మారి ఆంప్‌ను నడుపుతుంది, ఎంత లాగుతోందో చూపిస్తుంది. ఎల్‌ఎం386 ఆంప్ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు లైటుతో కలిపి పది, పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే ఎక్కడో లీకు ఉంది. వందల్లో ఉంటే షార్టే. కొలిచాక ఎర్ర వైరును తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చకుండా ఇంకెక్కడా ఆనించకూడదు. మీటర్ ఫ్యూజులు పోయేది ఎక్కువగా ఈ మరుపు వల్లే.

అడాప్టర్ ఇచ్చే తలనొప్పులు

ఇంట్లో అడాప్టర్లకు కొదవ ఉండదు. వైఫై రూటర్‌ది, సెట్‌టాప్ బాక్స్‌ది, వాటర్ ఫిల్టర్‌ది, పాత ఫోన్లవి ఒక డబ్బా నిండా ఉంటాయి. ప్లగ్గు పట్టింది కదా అని గుచ్చేయడం దగ్గరే చాలా ఆంప్‌ల కథ ముగుస్తుంది. రూటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులవి, ఆర్‌ఓ ఫిల్టర్‌వి సాధారణంగా 24. ఎల్‌ఎం386లో మామూలు రకం 12 వోల్టుల దాకా నడుస్తుంది, 15 దాటితే తట్టుకోదు. పీఏఎం8403 వంటి 5 వోల్టుల ఐసీలు ఉన్న ఆంప్ అయితే 9 వోల్టులకే పోతుంది. ఐసీ నిజంగా చచ్చేది ఇలాంటి సందర్భాల్లో.

వోల్టేజీ సరిపోయినా ప్లస్ మైనస్‌లు తిరగబడి ఉండొచ్చు. ఇళ్లలోని అడాప్టర్లలో ఎక్కువ భాగం లోపల ప్లస్, బయట మైనస్. గిటార్ పెడల్స్, చాలా గిటార్ ఆంప్‌లు అందుకు సరిగ్గా తలకిందులు, లోపల మైనస్, బయట ప్లస్. పైన చెప్పిన జాక్ అమరికే ఇందుకు మూలం. బ్యాటరీని విడగొట్టే రేకు బయటి తొడుగుకు తగులుతుంది కాబట్టి, ప్లస్‌ను విడగొట్టాలంటే బయట ప్లస్ ఉండాలి. అడాప్టర్ మీదా ఆంప్ మీదా చిన్న బొమ్మ ఉంటుంది. నడి చుక్క నుంచి ఒక గీత, బయటి అర్ధవలయం నుంచి ఒక గీత, చివర్లో ప్లస్ మైనస్ గుర్తులు. రెండు బొమ్మలూ ఒకేలా లేకపోతే గుచ్చకూడదు.

ఒకవేళ గుచ్చేసినా అన్నిసార్లూ ఆంప్ పోదు. ప్లస్ దారిలో వరసగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పెట్టిన ఆంప్ అయితే కరెంటే లోపలికి వెళ్లదు. సరైన అడాప్టర్ పెడితే మామూలుగా పలుకుతుంది. సప్లయ్‌కు అడ్డంగా డయోడ్ పెట్టిన ఆంప్‌లో తిరగబడిన కరెంటునంతా ఆ డయోడ్ మింగుతుంది. కాసేపటికి అది షార్ట్ అయిపోతుంది. ఆ తర్వాత మంచి బ్యాటరీ వేసినా ఆంప్ పలకదు, బ్యాటరీ వేడెక్కుతుంది. బ్యాటరీ తీసేసి డయోడ్‌ను మీటర్‌లో చూస్తే రెండువైపులా బీప్ వస్తుంది. దాన్ని పీకేసి చూస్తే ఆంప్ లేచి కూర్చున్న సందర్భాలు బోలెడు. అయితే అలాగే వదిలేయకుండా కొత్త డయోడ్ వేయాలి. 1ఎన్4001 అయినా 1ఎన్4007 అయినా సరిపోతుంది, గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి.

తర్వాతది హమ్, అంటే ఆగకుండా వచ్చే మోత. అడాప్టర్ మీద గుయ్యిమంటూ, బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉంటే తప్పు అడాప్టర్‌ది. రెండింటి మీదా ఉంటే గిటార్ పికప్‌దో (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం), వైరుదో, నెత్తిమీది ఫ్యాన్ రెగ్యులేటర్‌దో. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గిపోతుంది. పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ నుంచి వచ్చేది 100 హెర్ట్జ్ మోత. మన 50 హెర్ట్జ్ కరెంటును రెండువైపులా సరిచేస్తే రెట్టింపు అవుతుంది. దాన్ని అణచాల్సిన కెపాసిటర్ ఎండిపోతే మోత బయటికి వస్తుంది. పైగా ఇలాంటి రెగ్యులేటర్ లేని అడాప్టర్లు 9 వోల్టులని రాసి ఉన్నా లోడ్ లేనప్పుడు 12, 13 దాకా ఇస్తాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారగానే ఆంప్ గీపెడుతుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ఆ సమయానికి బ్యాటరీ మీదకు మారడమే సుఖం.

తేలికైన స్విచింగ్ అడాప్టర్లది ఇంకో రకం. వాటికి రెండే పిన్నులు, ఎర్త్ ఉండదు. లోపల మెయిన్స్ వైపుకూ బయటి వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా అతి సన్నని కరెంటు జారి గిటార్ తీగలు ముట్టుకుంటే వేళ్లకు జివ్వుమంటుంది. సరైన అడాప్టర్‌లో అది ప్రమాదకరమైన స్థాయి కాదు. పేరూ ఊరూ లేని చవక అడాప్టర్‌లో ఆ కెపాసిటర్ నాణ్యతకు ఎవరూ పూచీ కాదు, కాబట్టి జివ్వుమనడం షాక్‌లా అనిపిస్తే దాన్ని పారేయాల్సిందే. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా మూడో దానికి ఎర్త్ వైరు కలిపి ఉండదు. అది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని. అడాప్టర్‌ను విప్పే ఆలోచన మాత్రం వద్దు. లోపలి కెపాసిటర్‌లో 320 వోల్టులకు పైగా ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలుస్తాయి.

ఛార్జింగ్ ఆంప్‌లు, పవర్ బ్యాంకులు

కొత్తగా వచ్చే ఆంప్‌లలో 3.7 వోల్టుల లిథియం సెల్లు, యూఎస్‌బీ ఛార్జింగ్ ఉంటున్నాయి. వీటి లోపాల తీరు వేరు. ఒక వింత ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. పాత ఛార్జర్‌తో ఎక్కుతుంది, కొత్త ఫోన్ ఛార్జర్‌తో ఎక్కదు. రెండువైపులా సీ టైప్ ఉన్న వైరులో ఛార్జర్ ముందు అవతల పరికరం ఉందో లేదో చూసుకుంటుంది. పరికరంలో 5.1 కిలో ఓముల రెసిస్టర్లు ఉంటేనే వోల్టేజీ వదులుతుంది. చవక ఆంప్‌లలో కొందరు తయారీదార్లు ఆ రెండు రెసిస్టర్లు మిగుల్చుకుంటారు. ఒక చివర పాత వెడల్పు యూఎస్‌బీ, రెండో చివర సీ టైప్ ఉన్న వైరు వాడితే సమస్య అక్కడితో సరి. ఆంప్‌లో ఏమీ పాడవలేదు.

సెల్లు వోల్టేజీ 3 నుంచి 4.2 మధ్య ఉండాలి. నెలల తరబడి వాడకపోతే రక్షణ సర్క్యూట్ సెల్లును విడగొట్టి ఉండొచ్చు. ఛార్జర్ పెట్టగానే తిరిగి కలుస్తుంది. సెల్లు నేరుగా కొలిచినా 2.5 కంటే బాగా కిందికి పడి చాలాకాలమై ఉంటే దాన్ని బతికించే ప్రయత్నం మానుకోవాలి. అలాంటి సెల్లుకు ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం. ఉబ్బిన సెల్లు కూడా అంతే. గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదార్లది. మే నెల ఎండలో కారులో వదిలేసిన ఆంప్‌ను ఇంటికి తేగానే ఛార్జింగ్‌కు పెట్టడం కూడా మంచిది కాదు. లిథియం సెల్లుకు 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ చేటు.

లిథియం ఆంప్ ఉన్నట్టుండి ఆగిపోవడానికి వెనక ఒక లెక్క ఉంది. లోపల 3.7ను 9 వోల్టులకు పెంచే సర్క్యూట్ ఉంటే, 9 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు ఇవ్వడానికి సెల్లు నుంచి 430 దాకా లాగాలి. సెల్లు 3.2కు దిగితే అదే పనికి 500 కావాలి. నీరసించేకొద్దీ దాని మీద భారం పెరుగుతుంది, అందుకే మెల్లగా తగ్గదు, ఠక్కున ఆగుతుంది. యూఎస్‌బీతో ఛార్జ్ చేసే 9 వోల్టుల బ్యాటరీలదీ ఇదే పద్ధతి. పైగా లోపలి స్విచింగ్ సర్క్యూట్ కొన్నింట్లో సన్నని కూత పెడుతుంది. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఎక్కువ పెట్టి వాయించేవాళ్లకు అవి నచ్చవు.

పవర్ బ్యాంక్‌తో నడిపితే కొన్ని సెకన్లకే ఆగిపోతోందా? ఆంప్ లోపం అనుకోవద్దు. చాలా పవర్ బ్యాంకులు 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్ల కంటే తక్కువ లాగితే ఫోన్ నిండిపోయిందనుకుని ఆగిపోతాయి. ఊరికే ఉన్నప్పుడు చిన్న ఆంప్ లాగేది అంతకంటే తక్కువ. చిన్న పరికరాల కోసం ప్రత్యేక మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ అయితే ఈ గొడవ ఉండదు.

ఐసీ దగ్గరికి చేరాక

దారంతా బాగుందని తేలితే అప్పుడు ఐసీ ముందు కూర్చోవచ్చు. ఎల్‌ఎం386లో నాలుగో కాలు గ్రౌండ్, ఆరో కాలు సప్లయ్, ఐదో కాలు స్పీకర్‌కు వెళ్లేది. నాలుగుకూ ఆరుకూ మధ్య బ్యాటరీ వోల్టేజీ దాదాపు మొత్తం రావాలి. దారిలో డయోడ్ ఉంటే 0.7 వోల్టులు, షాట్కీ డయోడ్ అయితే 0.3 దాకా తగ్గుతుంది. ఐదో కాలు మీద అందులో సగం, అంటే సుమారు 4.5 వోల్టులు నిలబడాలి. సగం ఉంటే సప్లయ్‌తో పాటు ఐసీ కూడా చాలావరకు క్షేమం. ఐదో కాలు సున్నాకో పూర్తి 9కో అతుక్కుపోయి ఉంటే అప్పుడు ఐసీని నిందించవచ్చు, గుజరాతీ గల్లీకి బయల్దేరవచ్చు.

సగం వోల్టేజీ సరిగ్గా ఉండి కూడా స్పీకర్ మూగగా ఉంటే వెతకాల్సింది సప్లయ్‌లో కాదు. ఐదో కాలికీ స్పీకర్‌కూ మధ్య 220 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత హెడ్‌ఫోన్ జాక్ ఉంటాయి. ఆ జాక్‌లోనూ అడాప్టర్ జాక్‌లో ఉన్నలాంటి రేకే ఒకటి ఉంటుంది, హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్‌ను విడగొట్టడానికి. హెడ్‌ఫోన్‌లో శబ్దం వస్తూ స్పీకర్‌లో రాకపోతే ముందు దాన్నే చూడాలి.